పలచబడ్డ చోటు

ఆగస్టు 24, ఆదివారం

మా అల్లుడు ట్రిగ్వె ఆసుపత్రిలో ఉన్నాడు. కుడికన్ను. అమ్మాయి సిన్నోవె అక్కడే ఉండిపోయి మమ్మల్ని ఇంటికి వెళ్ళమంది.

పొద్దున కాల్పుల రేంజిలో గురి పరీక్ష. ఎల్క్ దుప్పుల వేటకి ముందు ఏటా ఉండేదే. ట్రిగ్వె మూడో తూటా పేల్చినప్పుడు శబ్దం తేడాగా వచ్చింది, తడిబట్టని బండకేసి కొట్టినట్టు. రైఫిల్ వెనక మూసే బోల్ట్ పక్కనుంచి పొగ వెనక్కి చిమ్మింది. అల్లుడు రైఫిల్ని నెమ్మదిగా కింద పెట్టాడు, గొట్టం కొండవైపే ఉంచి. ఆ తర్వాతే ముఖం పట్టుకుని కూలబడ్డాడు. అంత నొప్పిలోనూ నేర్చుకున్నది మరచిపోలేదు.

బోల్ట్ తెరిస్తే తూటా అడుగు ముక్క ఒక్కటే ఊడి వచ్చింది. మిగతా ఇత్తడి తొడుగంతా రైఫిల్ లోపల, తూటా కూర్చునే గదిలోనే ఇరుక్కుపోయింది. గాజు గ్లాసు అడుగు ఊడినట్టు, గుండ్రంగా.

అందరూ నావైపు చూశారు. తూటా చేసింది నేనే, కానీ అందుకు కాదు, ఇలాంటివి నాకే తెలుస్తాయని. క్లబ్బులో తూటాల తయారీ కోర్సు చెప్పేది నేనే కదా. "పాత రైఫిల్. వాళ్ళ నాన్నది. లోపల గది అరిగిపోయి ఉంటుంది. ఎప్పట్నుంచో చెప్తున్నా" అన్నాను.

ఎప్పుడు చెప్పానో ఇప్పుడు గుర్తు రావడం లేదు. చెప్పే ఉంటాను.


ఆగస్టు 25, సోమవారం

కంట్లోంచి ఇత్తడి రవ్వలు తీశారట. ఒకటి నల్లగుడ్డు మీద గీసుకుపోయింది. చూపు ఎంతవరకు వస్తుందో కొన్ని వారాలు ఆగితే గానీ చెప్పలేమంది డాక్టరమ్మ. చెంప నిండా తుపాకిమందు చుక్కలు, ఆవాలు చల్లినట్టు.

ట్రిగ్వె నా గొంతు విని తల తిప్పాడు. "మామయ్యా, తప్పు నాదేనేమో. గది సరిగ్గా తుడవలేదు. నూనె మిగిలిపోయినట్టుంది."

"అయి ఉండొచ్చు" అన్నాను. "ఇప్పుడవన్నీ ఎందుకు, పడుకో."

పేల్చేముందు కళ్ళకి అద్దాలు పెట్టుకోమని నేను చెప్పాల్సింది. నేనూ పెట్టుకోలేదు.

కారు మా ఆవిడ ఓస్లౌగ్ నడిపింది. ఈమధ్య నాకు మెడ నొప్పిగా ఉంటోంది, అందుకని తనే నడుపుతోంది.


ఆగస్టు 27, బుధవారం

మధ్యాహ్నమంతా ఇంటి కింద గదిలోనే. అదే విడతలో చేసిన తూటాలు కొన్ని మిగిలాయి. గుండ్లు పీకి, మందు ఒంపి, ఒక్కొక్కటీ తూచాను. ఒక్కదాంట్లోనూ రవ్వంత తేడా లేదు. ఊడిపోయిన అడుగు ముక్క మీద, మందుకి నిప్పంటించే ప్రైమర్ బిళ్ళ చుట్టూ వేలు పెట్టి చూశాను. అంచు గుండ్రంగానే ఉంది, చదును కాలేదు. అంటే లోపల ఒత్తిడి మితిమీరలేదు. మందు ఎక్కువ పడిందని ఎవరూ నన్ననలేరు.

తేలిగ్గా అనిపించింది. పైకి వచ్చి రెండోసారి కూర వడ్డించుకున్నాను.

కోర్సులో నేనే చెప్తాను: తొడుగు పగిలితే మందు ఒక్కటే చూసి ఊరుకోవద్దు, తొడుగు లోపల కడ్డీతో తడిమి చూడమని. అది రేపు చూడాలి.


ఆగస్టు 28, గురువారం

వాన. బల్బు మార్చాను. ఇది కూడా మసకే.


ఆగస్టు 30, శనివారం

ట్రిగ్వె ఇంటికి వచ్చాడు. కంటి మీద తెల్లటి గిన్నెలాంటి మూత. సిన్నోవె వాడికి చేప ముళ్ళు తీసిపెడుతోంది. "చంటిపిల్లాడిని చేశావు నన్ను" అన్నాడు. "చంటిపిల్లాడైతే ఇన్ని బంగాళాదుంపలు తినడు" అంది. నవ్వారు. నేనూ నవ్వాను.

రైఫిల్ వసారాలో గోడకి ఆనించి ఉంది. ఇరుక్కున్న తొడుగు క్లబ్బువాళ్ళే తీశారట. ట్రిగ్వె వాళ్ళ నాన్న ఉత్తరాన సముద్రం మీద చేపలు పట్టేవాడు, శరత్కాలంలో ఇదే రైఫిల్‌తో కొండలెక్కేవాడు. ఆయన చెంప ఆనించిన చోట కర్రమీద వార్నిష్ పోయి నల్లగా మెరుస్తుంది. ఇప్పుడు ట్రిగ్వె చెంపా అక్కడే.

"తుపాకులు బాగుచేసేవాడికి ఒకసారి చూపించనా మామయ్యా? గది కొలత తీసి చెప్తారట కదా."

"దండగ" అన్నాను. "అరిగిన గది మళ్ళీ పూడుతుందా?"

"మరి ఇలాంటిది ఇంట్లో పెట్టుకుంటే..." అంది సిన్నోవె.

"పోలీసులకి అప్పగిస్తే వాళ్ళే కరిగించేస్తారు" అన్నాను. వాళ్ళు అడక్కపోయినా అన్నాను.

ట్రిగ్వె రైఫిల్ వైపు తిరిగాడు. "మీకు తెలిసినంత నాకు తెలీదు. సరే" అన్నాడు.

నిజానికి గది అరిగినా సరిచేసే పద్ధతులున్నాయి. అది చెప్పలేదు. వాడూ అడగలేదు.


సెప్టెంబరు 2, మంగళవారం

కడ్డీ తట్టుకుంది.


సెప్టెంబరు 3, బుధవారం

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

కడ్డీ అంటే సన్నని ఉక్కు తీగే. దాని చివర గోరంత వంచి, ఖాళీ తొడుగులోకి దించి, గోడ వెంట పైకి లాగాలి. గోడ బాగుంటే నున్నగా వస్తుంది. అడుగుకి కాస్త పైన తీగ ఆగిపోయింది, గుమ్మానికి కాలు తగిలినట్టు. ఇంకొకటి తీశాను, అదీ అంతే. మరొకటి తీశాను. చాలావాటికి అంతే.

ఇవాళ ఒకదాన్ని బిగించి నిలువునా రంపంతో కోశాను. కోసిన అంచు మీద వేలు పెట్టాను. అంతా మందంగా ఉండి, ఆ ఒక్కచోట గోరంత పలచన. అది ఇంకొక్కసారి పేలితే రెండు ముక్కలవుతుంది. ట్రిగ్వె చేతిలో అయింది.

కారణం ఎవర్నీ అడగక్కర్లేదు. నా కోర్సులో మొదటిరోజు పాఠమే ఇది. పేలిన తొడుగు గది ఆకారానికి ఉబ్బుతుంది. దాన్ని డై అనే ఉక్కు అచ్చులో పెట్టి నొక్కి మళ్ళీ కొలతకి తేవాలి. అతిగా నొక్కితే తొడుగు పొట్టిదై గదిలో ఖాళీ మిగులుతుంది. పేలిన ప్రతిసారీ ఇత్తడి ఆ ఖాళీలోకి సాగుతుంది. సాగిన చోట పలచబడుతుంది. అందుకే డైని కొంచెం కొంచెంగా దించుతూ గేజ్‌తో కొలుచుకోవాలి.

పోయిన చలికాలంలో డైని నొక్కే కొత్త ప్రెస్ బిగించినప్పుడు గేజ్‌తో కొలవలేదు. ముల్లు ఎక్కడుందో సరిగ్గా కనిపించలేదు. అద్దం మురికిగా ఉందనుకుని అలవాటు మీద డై బిగించేశాను, ఇంకాస్త గట్టిగానే. ఆ డైలో నొక్కిన తొడుగులనే మళ్ళీ మళ్ళీ నింపి ఇచ్చాను. తొడుగు లోపల పలచబడితే పైన ఒక మెరిసే గీత పడుతుంది. తూటా తూటానీ కిటికీ దగ్గర తిప్పి చూశాకే వాడి చేతికిచ్చాను. ఏ గీతా కనబడలేదు నాకు.

రైఫిల్‌లో ఏ లోపమూ లేదు.

ఓస్లౌగ్ పైనుంచి కేకేసింది, భోజనానికి. వెళ్ళాను. "కాఫీ కప్పులో పొయ్యి, బల్లమీద కాదు" అంది.


సెప్టెంబరు 4

ఎవరికీ చెప్పలేదు. ముందు నేను రూఢి చేసుకోవాలి.


సెప్టెంబరు 6, శనివారం

రూఢి ఇంకేం చేసుకోవాలి.

రేంజికి వెళ్ళాను. బోర్గిల్డ్ అక్క గురి పరీక్ష. మా వేటబృందానికి పెద్ద ఆవిడ. భర్త పోయాక ఆయన చోటు తీసుకుని మా అందరినీ నడిపిస్తోంది. ఆవిడ రైఫిల్‌కీ ట్రిగ్వె రైఫిల్‌కీ తూటా ఒకటే. ఇద్దరికీ చేసిచ్చేది నేనే.

ఆవిడ పడుకుని గురి చూస్తోంది. నేను వెనకాల ఉన్నాను. డబ్బా నాదే, మూత మీద నా చేతిరాత. ఆపాలి. "అక్కా, ఆగు" అంటే చాలు. అక్కడ ఇంకా నలుగురున్నారు. ఎందుకు అని అడుగుతారు.

పేల్చింది. ఏమీ కాలేదు. మళ్ళీ పేల్చింది.

అయిదూ పేల్చేదాకా అలాగే నిలబడ్డాను. నా చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి.

తర్వాత వంగి ఆవిడ ఖాళీ తొడుగులన్నీ గబగబా ఏరాను. బోర్గిల్డ్ నవ్వింది. "ఏంరా హాల్‌స్టైన్, ఎన్నడూ లేనిది నా వెనకాల చిత్తు ఏరుతున్నావు? నడుం పట్టేస్తుంది, లే."

ఇంటికొచ్చి తీగతో చూశాను. రెండిట్లో ఆగింది.

ఇది ఎవరికైనా చెప్పగలిగేది కాదు. నాకు నేను చెప్పుకోవడానికే సాయంత్రమంతా పట్టింది.


సెప్టెంబరు 7, ఆదివారం

ఆవిడ దగ్గర మిగిలిన తూటాలు వెనక్కి తీసుకోవాలని వెళ్ళాను. గుండు మారుస్తాను, ఈసారి కొత్తరకం వచ్చింది అని అబద్ధం సిద్ధం చేసుకున్నాను. అబద్ధం పూర్తి కాకుండానే డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నీ తూటాని అనుమానిస్తే ఇంక దేన్ని నమ్మను" అంది. వాఫెల్స్ పోసింది, మీద లింగన్‌బెర్రీ జామ్.

తింటుంటే అంది: "మీ అల్లుణ్ణి ఈ ఏడు బృందంలోంచి తీసేద్దామనుకుంటున్నా. కన్ను బాగైనా సరే. మంచివాడే, కాదన్ను. కానీ రైఫిల్ చూసుకోవడం రానివాడి పక్కన నేను అడవిలో కూర్చోలేను. నువ్వేమంటావు?"

నోట్లో వాఫెల్ ఉంది. నమిలాను. మింగాను.

"నీ ఇష్టం అక్కా. నాయకురాలివి" అన్నాను.

 కారు నేనే నడిపాను ఇవాళ, ఓస్లౌగ్‌కి చెప్పకుండా. రోడ్డు తెల్లగీత పట్టుకుని నడిపాను.


సెప్టెంబరు 10, బుధవారం

ఇవాళ చెప్పేద్దామని బయల్దేరాను. వాళ్ళ గేటు దగ్గరే ట్రిగ్వె ఎదురొచ్చాడు. "పొద్దున రైఫిల్ పోలీసులకి అప్పగించేశా మామయ్యా. సంతకం పెట్టించుకున్నారు, అంతే." చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఆ పిల్లాడెవరో కౌంటర్లో, కర్ర బాగుందండీ అన్నాడు. బాగుందని నాకూ తెలుసు అన్నాను."

బోర్గిల్డ్ కూడా ఫోన్ చేసిందట. ఈ ఏడు వద్దని చెప్పిందట. "ఆవిడ తప్పేం లేదులెండి" అన్నాడు.

నేను వాడి భుజం తట్టి వచ్చేశాను.


సెప్టెంబరు 11

చెప్పలేదు.


సెప్టెంబరు 14, ఆదివారం

చెప్పాను.

నిన్న ఓస్లౌగ్ కింద గదికి వచ్చింది. కోసిన తొడుగులు బల్లమీద వరసగా ఉన్నాయి. ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూసింది. తనకి ఈ పని తెలీదు, కానీ తనకి కనబడింది. "ఇక్కడ పలచగా ఉందేం?" అంది. నేను తల దించుకున్నాను. "నీ కళ్ళ సంగతి నాకు తెలుసు" అంది. "మెడ నొప్పి అంటే నమ్మానని అనుకోకు. అడిగితే బాధపడతావని ఊరుకున్నా. ఊరుకుని తప్పు చేశాను." అంతే అని పైకి వెళ్ళిపోయింది. తను అరిచి ఉంటే బాగుండేది.

ఇవాళ మధ్యాహ్నం వాళ్ళింటికి ఇద్దరం వెళ్ళాం. ట్రిగ్వె పెరట్లో బర్చ్ మొద్దులు పేరుస్తున్నాడు. మూత తీశారు, కన్ను ఎర్రగా ఉంది. కుడివైపు మొద్దులు వాడికి అందడం లేదు, చెయ్యి పక్కకి పోతోంది. నాకు ఆ తడబాటు బాగా తెలుసు.

కోసిన తొడుగు వాడి చేతిలో పెట్టాను. ఎందుకు పలచబడిందో చెప్పాను. డై సంగతి, గేజ్ సంగతి, నా కళ్ళ సంగతి. కోర్సులో చెప్పినట్టు వరసగా చెప్పేశాను, గొంతు కూడా వణకలేదు. అదొకటి సిగ్గు.

వాడు తొడుగుని బొటనవేలితో రుద్దుతూ విన్నాడు.

"అంటే నా రైఫిల్‌లో ఏం లేదు."

"లేదు."

"నేను తుడవకపోవడం వల్ల కాదు."

"కాదు."

తలూపాడు. మొహంలో కాస్త తేలిక కూడా కనిపించింది. ఎవరికైనా జరుగుతుంది మామయ్యా అంటాడని ఒక్క క్షణం ఆశపడ్డాను. అప్పుడు అడిగాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మంగళవారం."

"మొన్న మంగళవారమా?"

"దానికి ముందు మంగళవారం."

లెక్క చూసుకున్నాడు. నేను వాడి ముఖం చూడలేక మొద్దుల వైపు చూశాను.

"నేను బుధవారం ఇచ్చాను" అన్నాడు. "అది మా నాన్నది."

"అవును."

"పేలడం తప్పని నేననను. మీకు కనబడలేదు, సరే. కానీ పోలీసులకిచ్చెయ్యమంది మీరు. తెలిశాక ఒక్క ఫోన్ చేసుంటే చాలు కదా. గేటు దగ్గర నా భుజం తట్టారు మీరు."

సిన్నోవె వాకిట్లో నిలబడి ఉంది. అంతా వింది. "నాన్నా, ఇంటికి వెళ్ళండి" అంది. కేకలెయ్యలేదు. వాళ్ళమ్మ కూతురు.


సెప్టెంబరు 15, సోమవారం

కౌంటర్లో ఆ కుర్రాడే ఉన్నాడు. అప్పగించినవన్నీ శుక్రవారం లారీలో వెళ్ళిపోయాయట. వెనక్కి రప్పించే దారి లేదా అని అడిగాను. ఎవరెవరికో ఫోన్లు చేశాడు. చాలాసేపు చేశాడు పాపం. చివరికి, "అయిపోయిందండీ, క్షమించండి" అన్నాడు.

నన్ను క్షమించమని అడిగినవాడు వాడొక్కడే ఈ మొత్తంలో.


సెప్టెంబరు 18, గురువారం

బోర్గిల్డ్ కొట్టంలో బృందం కలిసింది, వేటకి చోట్లు పంచుకోడానికి. పంచుకోకముందే నిలబడి చెప్పాను. నా తూటాలు ఎవరి దగ్గరున్నా వాడొద్దని, తిరిగి ఇచ్చెయ్యమని, ట్రిగ్వె తప్పు వెంట్రుకవాసి కూడా లేదని.

 బోర్గిల్డ్ అడిగింది.

"ఆ శనివారం నా వెనకాల నిలబడ్డావు. అప్పటికి తెలుసా?"

"తెలుసు అక్కా."

"నేను అయిదు పేల్చాను."

"అవును."

"ఏమనుకుంటూ నిలబడ్డావురా?"

జవాబు ఉంది. ఏమీ కాకూడదనీ, ఆవిడ కోసమూ, కానీ అంతకంటే నా కోసం అనుకుంటూ నిలబడ్డాను. అది చెప్పాను. అంతమందిలో అది పైకి అనడం కంటే ట్రిగ్వె పెరట్లో నిలబడటమే సులువు.

ఆవిడ ఫ్లాస్కు తీసి అందరికీ కాఫీ పోసింది. నాకూ పోసింది. "ఈ ఏడు నువ్వు రావు" అంది. "మళ్ళీ ఏడు సంగతి మళ్ళీ ఏడు. కోర్సు ఇంకెవరైనా చూసుకుంటారు." తర్వాత అందరి ముందే ఫోన్ తీసి ట్రిగ్వెకి చేసింది. "నాయనా, నేను నిన్ను తప్పుబట్టాను. తెలుసుకోకుండా మాట్లాడాను. కన్ను కుదిరితే నా పక్కనే కూర్చుందువు గాని." వాడేమన్నాడో వినబడలేదు.

కాఫీ తాగలేకపోయాను. కప్పు కడిగి పెట్టి వచ్చాను.


సెప్టెంబరు 20, శనివారం

పొద్దున తలుపు తీస్తే మెట్ల మీద డబ్బాలు. నా చేతిరాత ఉన్న డబ్బాలు, ఒకటి ప్లాస్టిక్ సంచిలో, ఒకటి పాత బిస్కెట్ల డబ్బాలో. ఎవరూ బెల్ కొట్టలేదు. నేను పిలిస్తే వినబడే దూరంలోనే ఉన్నాను వంటింట్లో.

ఒక్కొక్కటీ విప్పి గుండూ మందూ వేరుచేస్తున్నాను. తొడుగులన్నీ సుత్తితో చదును చేసి పారేస్తాను. ప్రెస్ విప్పి బస్తాలో కట్టాను.


సెప్టెంబరు 23, మంగళవారం

కళ్ళ డాక్టరు. రెండు కళ్ళలోనూ శుక్లాల పొర. ఇంతకాలం ఎలా నెట్టుకొచ్చారు అని అడిగింది. ఆపరేషన్ నవంబరులో. అప్పటిదాకా కారు ముట్టుకోవద్దు, తుపాకీ ముట్టుకోవద్దు.

చిన్న ఆపరేషనేనట. అరగంట పనట. ఏడాదిగా నేను భయపడింది ఆ అరగంటకి.


సెప్టెంబరు 25, గురువారం

వేట మొదలైంది. పొద్దున్నే ట్రక్కులు మా ఇంటి ముందు నుంచే వెళ్ళాయి. ఎప్పుడూ హారన్ కొడతారు. ఇవాళ కొట్టలేదు. ఒకటి మాత్రం కాస్త నెమ్మదించింది, ఎవరిదో కనబడలేదు.

పది దాటాక నది అవతల ఒక తూటా పేలింది. ఒక్కటే. చేతిలో బంగాళాదుంప, కత్తి. ఆగిపోయాను. వాళ్ళవి ఇప్పుడు కొట్లో కొన్న తూటాలని తెలుసు. అయినా ఓస్లౌగ్ వచ్చి కత్తి తీసుకునేదాకా అలాగే ఉన్నాను.

సాయంత్రం ఫోన్. సిన్నోవె అనుకున్నాను. ట్రిగ్వె.

"మొదటిరోజే ఒకటి దొరికింది. బోర్గిల్డ్ కొట్టింది" అన్నాడు. "నేను పక్కన కూర్చున్నా, అంతే. కన్ను దూరానికి బాగానే ఉంది. చదివేటప్పుడు అక్షరాలు ఒక పక్కకి వంగుతున్నాయి. అది అలాగే ఉండిపోవచ్చన్నారు."

"చలిగా ఉందా పైన?" అన్నాను.

"ఉంది." అన్నాడు. "మామయ్యా, అరిచేంత కోపం ఇప్పుడు లేదు. పక్కన కూర్చుని తినేంత ఇంకా చల్లారలేదు. సిన్నోవె ఈ ఆదివారం మిమ్మల్ని పిలుద్దామంది. నేనే వద్దన్నా. ఆ పై ఆదివారం రండి."

సరే అన్నాను. ఇంకేదో అనబోయాను, వాడు అప్పటికే పెట్టేశాడు.

ఏమన్నాడని ఓస్లౌగ్ అడిగింది. రమ్మన్నాడని చెప్పాను, ఎప్పుడో కూడా చెప్పాను. తను క్యాలెండర్ వైపు చూసి, ఏం తీసుకెళ్దాం అంది.

ఏమీ వద్దు, ఖాళీ చేతులతో వెళ్దాం అన్నాను.